పదిహేను సందు చుక్క, ఎనిమిది దాకా

సోల్డరింగ్ ఐరన్ కొన వేడెక్కి, సీసపు తీగలోని జిగురు కాలి సన్నగా పొగ లేచేటప్పుడు ఒక వాసన వస్తుంది. మా ఇంట్లో అందరూ ఆ వాసనకు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది చిత్తూరు, ఎండాకాలం సెలవులు, మస్తాన్ భాయ్ అంగడి. ఆదివారం వస్తే తిరుపతిలో మా ఇంటి వెనక గదిలో చెడిపోయిన పాత వీడియో గేము డబ్బాలు ముందేసుకుని కూర్చోవడం నాకున్న పిచ్చి. పోయిన మామిడి సీజనులో ఒకనాడు అట్లాగే కూర్చుని ఉంటే ఫోను మోగింది. నాలాంటి పాత ఆటల పిచ్చివాళ్ళం అక్కడా ఇక్కడా నుంచి చేరిన గ్రూపు ఒకటి ఉంది. అందులో ఎవరో ఒక నోటుపుస్తకం ఫోటోలు పెట్టి, "పద్నాలుగేళ్ళ వయసులో నేను సొంతంగా గీసుకున్న గుహల మ్యాపులు" అని కింద రాసుకున్నారు. చేతిలోని ఐరన్ పక్కన పెట్టేశాను. ఆ గీతలు నావి. పెట్టినవాడు మా పెదనాయన కొడుకు సీనన్న.

నేను మంచిదాన్ని కానని ముందే చెప్పేస్తున్నాను. పాతవి మరిచిపోవాలని, క్షమిస్తే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్ళు ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోవచ్చు. నా మనసు ఎట్లా తేలికయిందో నేను చెబుతాను.

మా నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఎండాకాలమంతా తోతాపురి కాయల వాసనతోనే ఇంటికి వచ్చేవాడు. స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు, ఆయన తువాలు ఆరేసిన తీగ మీద ఈగలు ముసిరేవి. మా అవ్వ ఊరుబిండి పచ్చడి నూరి, పొద్దున సంగటి ముద్ద మీద గుంట చేసి అందులో వేసి, తినే దాకా ఎదురుగా కూర్చుని చూసేది. చలికాలంలోనైతే అనపకాయలు ఒలిచి, నానబెట్టి, ఒక్కో గింజా పితికి తోలు తీసే పని పిల్లలది. పితికిన పప్పు కూర ఉడికే రోజు వీధి చివరికి కూడా తెలిసిపోయేది. గంగ జాతరకు ముందు ఇంటింటికీ వేపాకు కట్టేవాళ్ళు, అంబలి కుండలు పెట్టేవాళ్ళు, ఆ వారమంతా మస్తాన్ భాయ్ అంగడిలోని టీవీ సౌండు కూడా డప్పుల్లో కలిసిపోయేది.

మస్తాన్ భాయ్ రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. ముందు గదిలో, బాగుచేయించుకుని తీసుకుపోని ఒక కలర్ టీవీకి వీడియో గేము డబ్బా తగిలించి పిల్లలను ఆడించేవాడు. ఆ గదిలోకి మగపిల్లలే పోయేవాళ్ళు. ఆడపిల్ల పోకూడదని బోర్డు ఏమీ లేదు, కానీ మా వీధిలో అట్లాంటివాటికి బోర్డు అక్కరలేదు. అంగడికి పక్క సందులోకి ఇనుప చువ్వల కిటికీ ఒకటి ఉండేది. నేను నూనెకో ఉప్పుకో పోతున్నట్టు పోయి ఆ కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. చాలా రోజులు ఆయన పట్టించుకోలేదు. ఒక పొద్దున, మగపిల్లలు ఇంకా నిద్ర లేవని వేళ, రెండో కంట్రోలరు తీగను చువ్వల మధ్య నుంచి బయటికి తీసి నా చేతిలో పెట్టాడు.

"లోపలికి రావొద్దులే బేటీ. ఆటే నీ తావుకి వస్తాది, ఆడుకో," అన్నాడు.

ఆ ఎండాకాలమంతా నేను సందులో నిలబడి ఆడాను. వెనక మురుగు కాలువ, పక్కన ఎవరిదో మేక, కిటికీ చువ్వలు నుదుటికి ఆనుకుని రెండు గీతలు పడేవి. ఆటలో దీపం పట్టుకున్న పొట్టి మనిషి ఒకడు గుహల్లో దారి వెతుక్కుంటూ పోవాలి. మొత్తం ఎనిమిది గుహలు. గబ్బిలం తగిలితే దీపం ఆరిపోతుంది, మళ్ళీ మొదటి గుహ నుంచి మొదలు. దారి గుర్తుపెట్టుకోవడమే ఆ ఆటంతా. మగపిల్లలు అరుచుకుంటూ, ఒకరి మీద ఒకరు పడి ఆడేవాళ్ళు, మూడో గుహ దాటినవాడు లేడు.

నేను ఇంటికి పోయి దారులు గీసుకున్నాను. పటం గీయడం నాకు బడిలో ఎవరూ నేర్పలేదు, నాకు తెలిసిన గీత ఒక్కటే, అవ్వ దగ్గర నేర్చుకున్న ముగ్గు. అందుకే ప్రతి గుహకూ ముందు చుక్కలు పెట్టుకున్నాను. పెద్ద గుహకైతే నడిమి వరసలో పదిహేను చుక్కలు, దానికి పైనా కిందా రెండు చుక్కల సందులో ఒక చుక్క పెట్టుకుంటూ, వరసకొకటి తగ్గించుకుంటూ, ఎనిమిది మిగిలేదాకా. చుక్కలు బండరాళ్ళు, వాటిని చుట్టుకుని పోయే గీత దారి. చుక్కలు పెన్సిలుతో, గీత పెన్నుతో. పేజీ పైన, ముగ్గు పుస్తకంలో రాసుకున్నట్టే, చుక్కల లెక్క. చిన్న గుహకు ఏడు సందు చుక్క, నాలుగు దాకా. ఏడో గుహకు పదిహేను సందు చుక్క, ఎనిమిది దాకా. నేను చుక్క తప్పు పెట్టినప్పుడల్లా అవ్వ పక్క నుంచి తొంగి చూసి, "చుక్క తప్పితే దావ తప్పుతాది పాపా, మళ్ళా పెట్టు," అనేది. అది వాకిట్లోకి రాని ముగ్గని ఆమెకు తెలుసు, ఎందుకని మాత్రం అడగలేదు. నోటుపుస్తకం మొదటి పేజీలో 'ఎన్. వసంత, ఆరవ తరగతి' అని రాసుకుని చుట్టూ తీగ గీసుకున్నాను.

సెలవులు అయిపోయే ముందు మస్తాన్ భాయ్ పోటీ పెట్టాడు. ఎనిమిదో గుహలో ఎవరు అడుగు పెడితే వాళ్ళ పేరు అంగడి గోడ మీద ఎర్ర రంగుతో రాస్తానన్నాడు. నేను కిటికీ దగ్గర నుంచే ఆడతానంటే, "ఆడు, గోడకేమి తెలుసు ఆడపిల్లా మగపిల్లాడా అని," అని నవ్వాడు. ఆ వారం నాకు అన్నం సహించలేదు. బడి రిజిస్టరులో తప్ప నా పేరు ఎవరూ ఎక్కడా రాసింది లేదు. నాకు ఆ గోడ కావాలి.

సీనన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆ నోటుపుస్తకం సంగతి ఎట్లా కనిపెట్టాడో తెలియదు.

"ఒక్క దినం ఈమ్మే, చూసి ఇచ్చేస్తా," అన్నాడు.

ఇవ్వనన్నాను. పోటీ ముందురోజు ముగ్గుపిండి డబ్బా కింద దాచిన పుస్తకం మాయమయింది. అదే రోజు నాయన ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఇంటికి రాకుండా సందులోకి వచ్చాడు, వెనక సీనన్న. నా చేతిలో కంట్రోలరు ఉంది. నాయన నన్ను దాటుకుని ముందుకు వచ్చాడు. కిటికీలోకి చూసి, "మా ఇంటి ఆడబిడ్డ సందులో నిలబడి ఆటలాడితే సూసేవాళ్ళు ఏమనుకుంటారు భాయ్? నువ్వే చెప్పు," అన్నాడు. మస్తాన్ భాయ్, "తెలివైన బిడ్డ అప్పా, కొట్టొద్దు," అని మాత్రం అని, తీగ లోపలికి లాక్కుని కిటికీ రెక్కలు మూశాడు. ఆ తీగ నా వేళ్ళ మధ్య నుంచి జారిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి రోజు మా ఇంట్లో కూర్చున్నా కేకలు వినిపించాయి. సీనన్న ఎనిమిదో గుహలో అడుగు పెట్టాడు. నాలుగడుగులు వేయగానే గబ్బిలం తగిలి దీపం ఆరిపోయిందట, నా పుస్తకంలో ఏడు గుహలే ఉన్నాయి కదా. అయినా గోడ మీద 'ఎన్. శ్రీనివాసులు' అని ఎర్రగా ఎక్కింది. బడికి పోయే దారి ఆ అంగడి ముందు నుంచే. నాలుగేళ్ళు రోజూ రెండుసార్లు ఆ పేరు చదువుకున్నాను. కడుపులో నిప్పు పెట్టుకుని తిరగడమంటే ఏమిటో పదకొండేళ్ళకే తెలిసింది.

తర్వాత చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. సీనన్న శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్ళిళ్ళలో కనబడితే "బాగుండావామ్మే" అంటాడు, "బాగుండా" అంటాను. ఆ గ్రూపులో నేనూ ఉన్నానని ఆయనకు తెలియదు, నేను పెట్టుకున్నది మగపేరు. అక్కడ ఆడపేరు పెట్టుకుంటే సోల్డరింగ్ గురించి అడిగినవాడు కూడా చివరికి పెళ్ళయిందా అని అడుగుతాడు.

ఫోటోలు చూసి గ్రూపంతా ఊగిపోయింది. గురూ అన్నారు, అన్నా నీ కాళ్ళెక్కడ అన్నారు, ఇంటర్వ్యూ చేస్తామన్నారు. సీనన్న ఒక్కో మెచ్చుకోలుకూ దండం బొమ్మ పెట్టి జవాబిచ్చాడు. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఇన్నేళ్ళలో పెన్సిలు చుక్కలు చెరిగిపోయాయి, పెన్ను గీతలూ పైన రాసిన లెక్కా మిగిలాయి. మొదటి పేజీ లేదు. ఆయనకు ఆ లెక్క ఏమిటో తెలియదని నాకు అప్పుడే తట్టింది. జన్మలో ఏనాడైనా వాకిట్లో వంగి చుక్క పెట్టిన మనిషయితే కదా!

నేను తొందరపడలేదు. మూడు రోజులు ఆయన్ని పొగడనిచ్చాను, నేనూ పొగిడాను. చేప గాలం బాగా మింగాక లాగాలి. నాలుగో రోజు వినయంగా అడిగాను, "అన్నా, పైన పదిహేను సందు చుక్క ఎనిమిది దాకా అని ఉండాది, అంటే ఏంది?"

"అది నా సొంత కోడ్ తమ్ముడూ," అని మొదలుపెట్టాడు. పదిహేను అంటే ఆ గుహలో గబ్బిలాలట. సందు చుక్క అంటే రాళ్ళ సందులో మెరిసే నక్షత్రమట. ఎనిమిదో నక్షత్రం దగ్గర దొంగతలుపు ఉంటుందట. మరి ఏడు సందు చుక్క నాలుగు దాకా అంటే అని అడిగితే, దానికీ చెప్పాడు. అంతమంది ముందు, ఒక్కో గుహకూ ఒక్కో కథ.

మర్నాడు పొద్దున మా వాకిలి కడిగి, ముగ్గుపిండి తీసుకుని, ఫోను గోడకు ఆనించి వీడియో పెట్టాను. పదిహేను చుక్కల వరస. పైనా కిందా సందుల్లో చుక్కలు, ఎనిమిది దాకా. తర్వాత ఎడమవైపు మొదటి సందులోంచి ఎక్కడా చేయి ఎత్తకుండా గీత లాగాను. ఏడో గుహ, ఒక్క వంపు తేడా లేకుండా, మా వాకిట్లో పరుచుకుంది. కింద పిండితోనే 'ఎన్. వసంత, ఆరవ తరగతి' అని రాశాను. మాట ఒక్కటీ లేకుండా ఆ వీడియోను గ్రూపులో పెట్టాను.

కాసేపటికి పలమనేరు అబ్బాయి ఒకడు వాళ్ళమ్మ గొంతు రికార్డు చేసి పెట్టాడు. "అది ముగ్గు లెక్కరా నాయనా! నక్షత్రమూ లేదు, గబ్బిలమూ లేదు. ఏసింది ఆ పాపే. నీ గురువు యాడ ఏసినాడు, మగోడు?" ఆ గొంతును నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సాయంత్రానికి సీనన్న గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

గ్రూపు తాళాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి, అడ్మిన్ నేనే. బాగుచేసిన డబ్బాలో ఆ ఆట వేసి ఎనిమిదో గుహ కూడా దాటాను. నెల పట్టింది. పందొమ్మిది సందు చుక్క, పది దాకా. గీసి, పేరు రాసి గ్రూపులో పెట్టాను. అందరూ బాగుందన్నారు. పాపం, వాళ్ళకు అది ఒక ఆట మ్యాపు, అంతే.

మొన్న చిత్తూరు పోయి ఆ వీధిలో నడిచాను. అంగడి ఉన్నచోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. కిటికీని ఇటుకలతో పూడ్చేశారు, గోడ మీద ఎన్నిసార్లు రంగులు మారాయో, ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు. మస్తాన్ భాయ్ పోయి చాలా కాలమైందని ఆ కొట్లో మనిషి చెప్పాడు. అవ్వ అంతకంటే ముందే పోయింది. ఆ ఆట గురించి అడగడానికి నాయనకు ఇప్పుడు నేనెవరో కూడా సరిగా గుర్తులేదు. సందులో సిమెంటు రోడ్డు, ఒక్క వాకిట్లోనూ చుక్క లేదు.

తిరిగి వచ్చాక ఫోనులో ఒక అభ్యర్థన కనబడింది. గ్రూపులో చేరడానికి సీనన్న అడుగుతున్నాడు. కారణం రాయాల్సిన చోట ఒకటే మాట రాశాడు. "వసంతా, ఎనిమిదో గుహలో ఏముండాదమ్మే?"

ఆ కిటికీ, ఆ తీగ, గోడ మీది ఎర్ర రంగు గుర్తున్నవాళ్ళం ఈ భూమ్మీద ఇంక ఇద్దరమే ఉన్నాం. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ పొద్దున ఆ అభ్యర్థన చూస్తాను. దాని కింద ఒప్పుకో, వద్దను అని రెండు బొత్తాలుంటాయి. రెండూ నొక్కను. నిలబడనీ. నేను నిలబడలేదా, చువ్వలకు నుదురు ఆనించి.