తొమ్మిది వందల మిల్లీలీటర్ల తెలివి

వనపర్తిల ఇంజనీరింగ్ చదివేటప్పుడు, మా టీమోల్ల ఏడాది కష్టాన్ని ఒక్క ఇంగ్లీషు ముక్కతోటి నీళ్లపాలు చేసిన. మాటవరసకు అంటున్న అనుకునేరు. నిజం నీళ్లే.

విద్యార్థుల పోటీ కోసమని పదిమందిమి కలిసి చిన్న రేసు కారు తయారు చేసినం. శ్రావంతి నడుపుతది. మిగిలినోల్ల చేతికి స్పానర్లు, నా చేతికి రూల్‌బుక్. ఎందుకంటే మా పాన్‌గల్ మండలం మొత్తంల ఇంగ్లీషు నాకే వచ్చని నా గట్టి నమ్మకం.

ఇంజన్ వేడెక్కితే రేడియేటర్ల నీళ్లు పొంగుతయి గదా. అవి ట్రాక్ మీద పడకుండ పట్టుకునేతందుకు ఒక డబ్బా ఉండాలె. దాన్ని క్యాచ్ ట్యాంక్ అంటరు. అది తొమ్మిది వందల మిల్లీలీటర్లు 'కంటైన్' చెయ్యాలని రూల్. నేను కండ్లద్దాలు సర్దుకొని, జడ్జి లెక్క తీర్పు చెప్పిన: "లోపల తొమ్మిది వందలు ఉండాలె. చుక్క తక్కువైనా కారు వాపస్!"

డబ్బా చేసిచ్చిన వెల్డింగ్ యాదయ్యన్నది ఆత్మకూరు. ఆయన తల గోక్కున్నడు.

"తమ్మీ, ముందే నింపుతే పొంగిన నీళ్లు యాడికి పోతయి?"

"నీకు తెల్వదన్నా. ఇంగ్లీషుల ఉంది."

"ఇంగ్లీషుల ఉంటే నీళ్లు పొంగవా?"

గింత అమాయకునికి ఏం చెప్తమని జాలిగ నవ్విన.

"జర ఇంకోసారి చదువు రా," అన్నది శ్రావంతి.

చదివిన. అదే తప్పును ఇంకా గట్టిగ చదివిన.

పోటీ నాగర్‌కర్నూల్ దగ్గర ఒక కాలేజీ గ్రౌండ్ల. సాయంత్రం నాలుగు లోపల తనిఖీ పాసైతేనే ట్రాక్ మీదికి పోనిస్తరు. నేను ల్యాబుల కొలజాడీ పట్టుకొచ్చి, బంగారం తూచే సేటు లెక్క కన్ను చిట్లించి నీళ్లు నింపిన.

తనిఖీకి తెల్ల ప్యాంటు పెద్దసారు వచ్చిండు. ఇంజన్ స్టార్ట్ చేసి రేస్ పెంచుమన్నడు. రేడియేటర్ పొంగింది. డబ్బాల జాగా ఉంటే గదా! జాతర బస్సుల ముంగట డోర్ల ఒకరెక్కితే ఎనక డోర్ల ఒకరు జారిపడ్డట్టు, ఎన్ని నీళ్లు లోపలికి పోయినయో అన్నీ బయటి పైపుల నుంచి దూకినయి. తిన్నగ సారు ప్యాంటు మీదికి.

"ఏంది బాబూ ఇది?"

"రూల్ సార్!" పేజీ తీసి, ఛాతీ ఉబ్బించి చూపెట్టిన.

సారు ప్యాంటు పిండుకుంట అన్నడు: "కంటైన్ అంటే గన్ని నీళ్లు పట్టేంత జాగా ఉండాలె అని. నింపుకొని రమ్మని గాదు. చుట్టాలొస్తున్నరంటే మంచాలన్నిటి మీద ముందే నువ్వే పండుకుంటవా?"

శ్రావంతి హెల్మెట్ తీసి నన్ను నాలుగు మాటలన్నది. అవి ఇక్కడ రాయలేను.

టైం మూడున్నర. ఉరికి ఉరికి నీళ్లు పారబోసినం. మళ్ల ఇంజన్ స్టార్ట్ చేస్తే చుక్క కారలె. సారు సంతకం పెట్టబోయి ఆగిండు.

"ఇంజన్ ఆయిల్ పొంగితే పట్టేతందుకు ఇంకో ట్యాంకుండాలె. ఏదీ?"

చూపెట్టిన.

"ఇది ఖాళీయేనా?"

నేను దాని మూతకు చెయ్యి అడ్డం పెట్టిన. శ్రావంతి నెత్తి పట్టుకుంది. "దాంట్ల గూడనా!"

"కొత్త ఆయిలే పోసిన," అన్న మెల్లగ.

అది విప్పి, ఒంపి, జిడ్డు తుడిచేసరికి నాలుగు దాటింది. గేటు మూసిండ్రు. ఆ రోజు అన్ని కార్లకంటె ముందు ఇల్లు చేరింది మాదే.

జిడ్డు చేతులు జోడించి, కృష్ణమ్మ సాక్షిగ ఒట్టు పెట్టుకున్న: ఈ జన్మల ఇగ ఏ రూలుకూ అర్థం చెప్ప. ఆ ఒట్టు ఇప్పటిదాక తప్పలె. తప్పేతందుకు మా టీమోల్లు చాన్సు ఇస్తే గదా!