మగ్గం ఇంటికి పెట్టిన కూలర్

1964 వేసవి. హిందూపురంలో నేను ఫ్యాన్ల మరమ్మతు దుకాణం పెట్టి అప్పటికి ఆరేళ్ళు. స్టేషన్‌కు పోయే దారిలో చిన్న గది, అందులో ఒక బల్ల, టెస్టింగ్ బోర్డు, రాగి తీగ చుట్టే చేతి యంత్రం. కాలిపోయిన మోటారుకు పాత తీగ తీసేసి కొత్తది చుట్టడాన్ని రీవైండింగ్ అంటారు. ఆ పనిలో నాకు కాస్త మంచి పేరుండేది. ఫాల్గుణం దాటితే చాలు, పెనుకొండ నుంచి, ధర్మవరం నుంచి కూడా జనం ప్యాసింజర్ బండిలో ఫ్యాన్లను ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళు.

మా సీమ ఎండ సంగతి చెప్పాలి. అది ఉక్కపోత ఎండ కాదు. గాలిలో తడి అనేదే ఉండదు. ఉతికిన పంచె దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. అలాంటి చోట ఫ్యాన్ తిప్పితే వేడి గాలినే ముఖం మీదికి కొడుతుంది. ఆ సంవత్సరమే పెనుకొండలో ఒక ఆఫీసరు గారి బంగళాకు నేను డెజర్ట్ కూలర్ చేసిపెట్టాను. రేకు పెట్టె, మూడు పక్కలా వట్టివేళ్ళ తడికలు, నాలుగో పక్క గాలిని లోపలికి లాగి గదిలోకి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్. పైన నీళ్ళ తొట్టి, దానికి సన్న కన్నాల గొట్టం. తడికల మీద నీళ్ళు కారుతుంటే వాటిలోంచి దూరి వచ్చే గాలి చల్లబడుతుంది. ఇందులో ఐసు లేదు, మందు లేదు. నీళ్ళు ఆరేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటాయి, అంతే.

ఆ బంగళాలోనే ధర్మవరం నేతగాడు చౌడప్ప దాన్ని చూశాడు. ఆఫీసరు గారి భార్యకు పట్టుచీర ఇవ్వడానికి వెళ్ళి, హాల్లో ఐదు నిమిషాలు నిలబడ్డాడట. మరుసటి రోజు పొద్దున్నే నా దుకాణం ముందు ఉన్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి, సన్నగా, మెడలో తువ్వాలు. తీగ చుడుతున్న నా చేతుల వైపే చూశాడు.

"ఏమప్పా, దానియేలు మేస్త్రీ అంటే నువ్వేనా?"

"నేనే. చెప్పన్నా."

"మా ఇంటామెకు ఎండాకాలమొస్తే పానం నిలబడదు. పోయిన సమ్మచ్చరం మగ్గం కాడే పడిపోయె. డాక్టరు చల్లగా పెట్టుకోమన్నాడు. ఆ బంగళాలో పెట్టినట్ల మా ఇంట్లోనూ పెడతావా?"

ఆ క్షణంలో నేను అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆమెకు ఎలాంటి జబ్బు? గది ఎంత, కిటికీలు ఎన్ని, ఆ గదిలో ఇంకేం పని జరుగుతుంది? నేను కిటికీ కొలత మాత్రమే అడిగాను. అతను తువ్వాలుకు వేసుకొచ్చిన రెండు ముళ్ళ మధ్య దూరం చూపించాడు.

చైత్రం సగంలో పెట్టెను రైలెక్కించి ధర్మవరం తీసుకుపోయాను. నేతగాళ్ళ వీధిలో వాళ్ళది కప్పు మీద బండలు పరిచిన మిద్దె ఇల్లు. లోపల ఒకటే పెద్ద గది. మధ్యలో కాళ్ళు గుంతలోకి దించుకుని నేసే గుంత మగ్గం, దాని పొడుగునా బిగించిన పట్టుపోగుల పడుగు. ఓ మూల రామక్క మంచం, పక్కన కండెలు చుట్టే రాట్నం. పిల్లలు లేరు. ఇద్దరే.

రామక్క పెద్ద కళ్ళ మనిషి. నన్ను చూడగానే లేచి మజ్జిగ ఇచ్చింది. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. "చిన్నప్పటి నుంచి ఇంతేలేప్పా, ఉబ్బసం" అని నవ్వింది. ఆ మాట నా చెవిన పడింది. బుర్రకు ఎక్కలేదు.

వెనక కిటికీకి కూలర్ బిగించి స్విచ్ వేశాను. గదంతా వట్టివేళ్ళ వాసన. చౌడప్ప దాని ముందు నిలబడి, రెండు చేతులూ చాచి, వాటిని తీసుకుపోయి భార్య చెంపలకు ఆనించాడు. "సల్లగా ఉండాదా?" అని అడిగాడు. ఆమె సిగ్గుపడి చేతులు తోసేసింది. సామాను సర్దుకుంటూ, "ఎదురు తలుపు తెరిచి పెట్టుకోండి" అన్నాను. ఎందుకో చెప్పలేదు. బండికి టైమవుతోంది.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఈ కూలర్ గదిలోకి చల్లదనంతో పాటు తడిని కూడా తోస్తుంది. ఆ తడిగాలి మరో వైపు నుంచి బయటికి పోతుండాలి. మేము దాన్ని క్రాస్ వెంటిలేషన్ అంటాము. గాలి ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోవడం. తలుపులు మూస్తే తడి గదిలోనే పేరుకుంటుంది. గోడలు చెమరుస్తాయి. అప్పుడు ఆ గదిలో చల్లగా ఉన్నట్టే ఉంటుంది, ఊపిరి మాత్రం బరువవుతుంది.

రెండు వారాల తర్వాత వేరే పని మీద ధర్మవరం వెళ్ళి వాళ్ళింటికి తొంగి చూశాను. తలుపు మూసి ఉంది. మిద్దె కప్పులో వెలుతురు కోసం ఉంచే గవాచికి కూడా బండ అడ్డం పెట్టారు. లోపల గుహలాగా చల్లగా ఉంది. చౌడప్ప ముఖం వెలిగిపోతోంది.

"పది దినాలాయప్పా, ఒక్క పోగు తెగలేదు! ఎండాకాలంలో ఇట్ల నేసింది నా జన్మలో లేదు."

పట్టుపోగుకు పొడిగాలి పడదని అప్పుడే తెలుసుకున్నాను. ఎండకు పెళుసెక్కి తెగుతుంది. తెగిన ప్రతి పోగుకూ మగ్గం ఆపి ముడి వేయాలి. అందుకే నేతగాళ్ళు గుంతలో నీళ్ళు చల్లుకుంటారు, తడిగుడ్డలు వేలాడదీస్తారు. నేను పెట్టిన పెట్టె ఆ పని పదింతలు చేస్తోంది. నాకు గర్వంగా అనిపించింది. మంచం వైపు తిరిగి, "ఎట్లుండాది అక్కా?" అన్నాను.

"బాగుండాదప్పా" అంది రామక్క. గోడకు దిండ్లు ఆనించుకుని నిటారుగా కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళ ముందు పడుకోకూడదని అలా కూర్చుందనుకున్నాను.

వైశాఖం సగమయ్యేసరికి చౌడప్ప రాయించిన కార్డు వచ్చింది. "ఆమెకు బాగలేదు. చల్లదనం చాలడం లేదు. పెద్ద ఫ్యాను తీసుకుని తొందరగా రావలెను."

పెద్ద మోటారు సంచిలో వేసుకుని మధ్యాహ్నం బండికి వెళ్ళాను. వీధిలో నిప్పులు కురుస్తున్నాయి. లోపల అడుగుపెడితే నేల తడి, గోడల మీద చెమ్మ, వట్టివేళ్ళ సువాసన పోయి ముక్కిన వాసన. రామక్క చేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంది. ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి. పిల్లనగ్రోవిలాంటి సన్నని కూత వినిపిస్తోంది. చౌడప్ప నిద్ర లేక పీక్కుపోయాడు.

"నాలుగు దినాలాయ, పండుకోలేదప్పా. డాక్టరు సూది వేస్తే ఒక పూట బాగుంటాది, మళ్ళా అంతే. వేడి ఇంకా తగ్గాల. ఆ పెద్దది పెట్టు" అని తొట్టిలో పోయడానికి నీళ్ళ కోసం బిందెలు తీసుకుని బావికి పోయాడు. ఆ పెట్టెకు పంపు లేదు. రోజుకు ముప్పై బిందెలు అతనే మోసి పోసేవాడు.

అతను వాకిలి దాటగానే రామక్క చెయ్యి ఊపింది.

"అప్పా... ఆ స్విచ్చి... ఆయన వచ్చేదాకా ఆపు."

ఆపాను. "తలుపు" అంది. బారుగా తెరిచాను. బయటి వేడిగాలి లోపలికి కొట్టింది. ఆమె దానికి ఎదురుగా ముఖం పెట్టి కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి కూత కాస్త తగ్గింది. మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను.

"అక్కా, ఇది పడ్డంలేదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మూడో దినమే."

"మరి చెప్పలేదేమక్కా? నేను అడిగితే బాగుండాదంటివే!"

ఆమె మాటకు మాటకు ఆగుతూ చెప్పింది. "నేను చెప్తే ఆ పొద్దే పెరికి పారేస్తాడు. పోయిన ఎండాకాలం నువ్వు చూడలేదు గదా. దినమంతా ముళ్ళే. ఒక దినం పడుగు మీద తల పెట్టుకుని ఏడ్చినాడు. నేను చూడలేదనుకున్నాడు... ఇప్పుడు పాట పాడుకుంటా నేస్తాండాడప్పా. ఎన్నాళ్ళకు విన్నానో ఆ పాట. వానలు పడితే నాకే సర్దుకుంటాది. ఆయనకు చెప్పద్దు. నా మీద ఒట్టు."

ఈ మనిషి కోసం అతను ముప్పై బిందెలు మోస్తున్నాడు. అతని పాట కోసం ఈమె ఊపిరి బిగబట్టుకుంది. మధ్యలో నేను, నా పనితనాన్ని చూసి మురిసిపోయినవాణ్ణి.

చౌడప్ప బిందెలతో వచ్చాడు. తలుపు తెరిచి ఉండటం చూసి, "యాల తీసినావప్పా, వేడి వస్తాంది గదా!" అంటూ మూయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. రామక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. ఒట్టు తప్పడం తప్పే. కానీ ఆమె భుజాలు మళ్ళీ పైకి లేస్తున్నాయి.

"చౌడప్పన్నా, బిందె కింద పెట్టు. తప్పు నాది. ఈ తడి ఆమెకు పడదు. మూడో దినం నుంచే పడలేదంట. నీ పోగు తెగకుండా ఉండాదని ఓర్చుకుంది."

అతను బిందె దించలేదు. చంకలో పెట్టుకునే నిలబడ్డాడు. నీళ్ళు అంచు మీదుగా కారి అతని పంచె తడుస్తోంది.

"నా పోగు కోసరమా?" అని అడిగాడు, నన్ను కాదు, ఆమెను. "రామీ, నా పోగు కోసరమా?"

ఆమె తల వంచుకుంది. అతను బిందె పెట్టి మంచం పక్కన కూర్చుని, ఆమె వీపు నిమరడం మొదలుపెట్టాడు. కోప్పడలేదు. కొంతసేపటికి లేచి కిటికీ దగ్గరికి పోయి కూలర్ బోల్టులు చేత్తోనే విప్పబోయాడు. వేళ్ళు గీరుకుపోతున్నా ఆపలేదు. నేను పానా ఇచ్చాను. ఇద్దరం కలిసి విప్పాము.

ఆమెను ఎద్దులబండిలో ఆస్పత్రికి తీసుకుపోయాము. మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. అన్ని రోజులూ నేను హిందూపురం పోలేదు. దుకాణానికి తాళం. చౌడప్ప ఇంట్లో ఆ గది మధ్యలో పనిముట్లు ముట్టకుండా కూర్చుని, పొద్దున ఎండ ఎక్కడ పడుతోంది, సాయంత్రం ఏ గోడ కాలుతోంది, గాలి ఎటు నుంచి వస్తోంది అని చూశాను. పెట్టె బిగించే ముందు చేయవలసిన పని అది.

అప్పుడు తెలిసింది, ఆ గది వేడంతా కప్పు బండల నుంచే దిగుతోందని. వీధిలోవాళ్ళు ఆరుగురు సాయం వచ్చారు. మిద్దె మీద మందంగా సున్నం కొట్టి, దాని మీద జానెడు ఎత్తున బోద కసువు, అదే ఇళ్ళు కప్పే గడ్డి, పరిచాము. గవాచి మీది బండ తీసేసి, వాన పడకుండా నాలుగు కాళ్ళ రేకు గొడుగు పెట్టాను. వేడెక్కిన గాలి అటు నుంచి పైకి పోతుంది. గదిని రెండుగా చేస్తూ తడిక కట్టి మట్టి మెత్తించాము. తూర్పు వైపు, తడి లేని భాగంలో రామక్క మంచం, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను. పడమటి భాగంలో మగ్గం. కూలర్‌కు తడికలు కొత్తవి వేసి అటు పెట్టి, దాని గాలి పెరటి తలుపులోంచి పోయేలా చేశాను. ఆ తలుపు మూయకుండా రెక్కలే తీసేశాను.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు రామక్క నా వైపు చూడకుండానే లోపలికి పోయింది. మంచం మీద కూర్చుని చుట్టూ చూసింది. లోతుగా ఒక ఊపిరి తీసుకుంది. ఇంకొకటి. "మాట తప్పినావు గదప్పా" అంది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి పోయి, నాకు రొట్టె, వేరుశనక్కాయల చట్నీ పెట్టింది.

నేను తింటుండగా మగ్గం వైపు నుంచి చిన్న శబ్దం. కూలర్ ఆపిన ఆ నాలుగు రోజులకు పడుగు పెళుసెక్కింది. వరసగా పోగులు తెగాయి. రామక్క చెయ్యి కడుక్కుని, తడిక దాటి అటు వెళ్ళింది. వెళ్ళొద్దనబోయి ఆగిపోయాను. అతను ఒక కొస పట్టుకున్నాడు, ఆమె రెండో కొస తెచ్చి ముడి వేసింది. అలా ఒక్కొక్కటే.

"తెగతాండాయి గదా" అంది ఆమె.

"తెగనీలే" అన్నాడు చౌడప్ప. "ముడేసేదానికి నువ్వుండావు."

ఉబ్బసం పూర్తిగా పోయే జబ్బు కాదు. తర్వాతి వేసవుల్లోనూ ఆమె అవస్థ పడింది. కానీ మళ్ళీ ఎండాకాలంలో ఆస్పత్రి ముఖం చూడలేదు. నేను ధర్మవరం వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో రొట్టె తినకుండా రాలేదు.

ఆ తర్వాత ఎన్నో ఇళ్ళకు కూలర్లు పెట్టాను, ఎయిర్ కండిషనర్లు వచ్చాక అవీ పెట్టాను. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఖాళీ చేతులతో ఒక గంట కూర్చుంటాను. ఆ చల్లదనం ఎవరి కోసమో వాళ్ళ ఊపిరి చూస్తాను. ఇంట్లో మిగతావాళ్ళను కాసేపు బయటికి పంపి, అప్పుడు అడుగుతాను, "ఎట్లుండాది?" అని. ఎదురుగా వాళ్ళకు ప్రియమైన మనిషి ఉంటే ఎవరూ నిజం చెప్పరు.