మా బాపుకు 'మ' పలికించిన పంతులు

జడ్చర్ల నుంచి మొన్న కార్డు వచ్చింది. మా పంతులు గారు పోయారని ఆయన బిడ్డ రాసింది. దినాలు కూడా అయిపోయాయట. నాలుగు వాక్యాల కార్డు చదువుకుని, పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవలేకపోయాను. మా ఇల్లు ఆయనకు చేసిన అన్యాయం ఒకటి ఉంది. ఎప్పుడైనా వెళ్ళి చెప్పుకుందామనుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపిన దద్దమ్మను నేను.

మాది కేతేపల్లి దగ్గర పల్లె. నిజాం కాలంలో సర్కారు బడిలో అంతా ఉర్దూయే. తెలుగు నేర్చుకోవాలంటే ఆలంపూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పంతులు గారి వాకిలే దిక్కు. ఆయన పలక కంటే ముందు మా నోళ్ళు చూసేవారు. నాలుకకు బొగ్గుపొడి రాసి 'ట' అనమనేవారు. తర్వాత చిన్న అద్దం పట్టి, అంగిట్లో నల్ల మరక ఎక్కడ పడిందో చూపించేవారు. అదే 'త' అంటే మరక పళ్ళ వెనక పడేది. "సదువు జెప్పుమంటె పోరగాండ్లకు బొగ్గులు తినిపిస్తాండు" అని మా అమ్మ గొణిగేది.

"లోకంల ఎన్ని భాషలన్న ఉండనీ బిడ్డా, గీ నాలుగు ముచ్చట్లే. గాలిని యాడ ఆపినవు? మొత్తం ఆపినవా, జర సందు ఇడిసినవా? గొంతు మోగిందా లేదా? నోట్లకెళ్ళి పోయిందా, ముక్కులకెళ్ళి పోయిందా? ఇవి ఎరుకైతే ఏ దేశపోని మాటైనా నీ నోట పలుకుతది" అనేవారు. ఉర్దూ 'ఖబర్'లో మొదటి అక్షరం మన 'ఖ' కాదు, గాలి ఆగకుండా గొంతు వెనక ఒరుసుకుంటూ పోతుందని మా చేత పదిసార్లు అనిపించేవారు. ఇంగ్లీషువాళ్ళ 'ఎఫ్'కు కింది పెదవి పై పళ్ళను తాకాలని, తన పెదవిని వేలితో నొక్కి చూపించేవారు. ఊరంతా ఉర్దూ మీద మండిపడుతున్న రోజులవి. ఈయనేమో "నోటికి పగోళ్ళు ఉండరు" అనేవారు. నాకు ఆ మాట బొత్తిగా నచ్చేది కాదు.

రజాకార్లు మా ఊరి మీద పడిన రోజున, నిజాం మీద తిరగబడ్డ సంఘంవాళ్ళు ఎక్కడున్నారో చెప్పమని మా బాపును తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. పై పెదవి చీలిపోయింది. ముందు పళ్ళు రాలిపోయాయి. గాయం మానింది గాని బాపు మాట్లాడటం మానేశాడు. నోరు తెరిస్తే ఉత్త గాలే వచ్చేది. సిగ్గుతో మూతికి కండువా చుట్టుకుని, ఎవరైనా పలకరిస్తే చేను వైపు నడిచేవాడు.

పోలీసు చర్య జరిగి రజాకార్లు పోయారు. గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత మిలిటరీ సంఘంవాళ్ళ కోసం ఊళ్ళు గాలించడం మొదలుపెట్టింది. ఒంటి మీద గాయం కనిపిస్తే చాలు, దళంలో తిరిగినవాడనే అనుమానం. నాలుగు రోజుల్లో బాపు క్యాంపుకు రావాలని కబురు వచ్చింది. తన పేరు, తండ్రి పేరు, దెబ్బ ఎట్లా తగిలిందీ సొంత నోటితో చెప్పుకోవాలి. బాపు పేరు 'మ'తో మొదలు, తాత పేరు 'ప'తో మొదలు. రెండూ పెదవులు కలవనిదే రావు. ఆ క్యాంపుకు వెళ్ళి తిరిగి రానివాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు. అమ్మ పరుగెత్తి పంతులు గారి కాళ్ళ మీద పడింది.

"నీ కాల్మొక్త పంతులూ, మా ఇంటాయన నోరు తెరిపియ్యి. ఆయనకేమన్నయితే నేను బావిల వడ్త."

పంతులు గారు వచ్చి బాపు కండువా విప్పారు. "అన్నా, నీ గొంతు మంచిగున్నది. నాలుక మంచిగున్నది. ముక్కూ మంచిగున్నది. తలుపొక్కటే ఇరిగింది. చెయ్యి అడ్డం పెట్టి మూద్దాం" అన్నారు. రెండు వేళ్ళతో చీలిన పెదవిని కిందికి లాగి, కింది పెదవికి ఆనించి పట్టుకున్నారు. మొదటి రోజంతా బాపు ఏడ్చాడు. రెండో రోజు చొంగ, నెత్తురు. మూడో రోజు మధ్యాహ్నం తన వేళ్ళతో తనే పెదవి పట్టుకుని "మ" అన్నాడు. అమ్మ చేతిలోని చేట అక్కడే జారిపోయింది.

క్యాంపులో చేతులు వెనక్కి విరిచి కడతారని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ముళ్ళకంచె ఇవతల అమ్మ, నేను, పంతులు గారు నిలబడి ఉన్నాం. అవతల పేరు అడిగారు. బాపు నోరు తెరిచాడు. ముక్కులో మూలుగు తప్ప ఏమీ రాలేదు. నాటకమాడుతున్నావా అని చెంప మీద కొట్టారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ కొట్టారు. బాపు కట్టిన చేతులను ముందుకు తేవాలని గింజుకుంటున్నాడు. పంతులు గారు కంచె దాటి లోపలికి వెళ్ళారు. నిక్కమైన ఉర్దూలో, ఒక్క ధ్వని తప్పకుండా ఆ ఆఫీసరును బతిమాలి, బాపు పెదవిని తన వేళ్ళతో పట్టుకున్నారు. బాపు తన పేరు చెప్పాడు. తాత పేరు చెప్పాడు. కొట్టింది రజాకార్లని చెప్పాడు.

బాపును విడిచిపెట్టారు. ఇంత చక్కగా చెప్పించినవాడే సంఘానికి గురువు అయి ఉంటాడని పంతులు గారిని లోపల వేశారు.

ఏడాది దాటాక విడుదలయ్యారు. మోకాళ్ళు వంగేవి కావు. ఊరు విడిచి బిడ్డ దగ్గరికి పోతూ మా గడప ముందు బండి ఆపించారు. నేనొక్కదాన్నే ఉన్నాను.

"మీ బాపు మాట్లాడుతున్నడా బిడ్డా?"

"మాట్లాడుతున్నడు పంతులూ."

"ఇగ నాకేం ఫికర్ లేదు" అని నవ్వి, బండి తోలమన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. కాని అంతా చెప్పలేదు. లోపల వేసిన పది రోజులకే పంతులు గారు మాకు కబురు పంపారు. "నేను సదువు చెప్పేటోన్నే అని ఒక్కలొచ్చి చెప్తే ఇడుస్తరట." అమ్మ అన్నం మూట కట్టి బాపును పంపించింది. ఈసారి బాపు చేతులు ఎవరూ కట్టలేదు. బాపు క్యాంపు గేటు దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడ్డాడు. పొద్దు వాలకముందే మూట విప్పకుండా తిరిగి వచ్చాడు.

"చెప్పినవా?" అని అమ్మ అడిగింది.

బాపు కండువా తీశాడు. రెండు వేళ్ళతో పెదవిని కిందికి పట్టుకుని, పంతులు గారు నేర్పినట్టే, ఒక్క అక్షరం జారకుండా అన్నాడు.

"భయమైంది."