మైత్రీ గుంత

ఎమ్మిగనూరులో కాశప్ప మగ్గం నేయడు, మగ్గాలు చేస్తాడు. ఈ తేడా తెలియనివాళ్ళను ఆయన ఇంట్లోకి పిలవడు, వాకిట్లోనే మాట్లాడి పంపిస్తాడు.

ఆయన పుట్టింది హాలహర్వి వైపు ఒక మెట్ట పల్లెలో. తండ్రి చేలో ఎన్నిచోట్ల బోరు వేయించినా తెల్లటి దుమ్ము లేచిందే గాని తడి తగల్లేదు. ఆఖరి బోరు దుమ్ము మొహాన పడ్డనాడే కాశప్ప బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చాడు. ఒక వడ్రంగి కొట్టం ముందు రోజూ నిలబడి, ఆయన చేతులు ఎట్లా కదులుతున్నాయో చూసి పని నేర్చుకున్నాడు. నేర్పమని ఈయన అడగలేదు, నేర్పుతానని ఆయన అనలేదు. కొన్నేళ్ళకు ఊళ్ళో సగం మగ్గాలు కాశప్ప చేసినవే.

ఇప్పుడు మగ్గాలు అడిగేవాళ్ళు లేరు. ఇక్కడి మగ్గానికి గుంత కావాలి. నేసేవాడు నేలమీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి వదిలి, కింద ఉన్న చెక్కల్ని తొక్కుతాడు. ఆ గుంతల్ని ఇంటింటా రాళ్ళు పోసి పూడ్చి, పైన టైల్సు పరుస్తున్నారు. కాశప్ప చేతికి టీవీ స్టాండ్లు, చెప్పుల అలమరలు మిగిలాయి. చేసేవాడు, ఇచ్చేవాడు, కానీ చేసినట్టు ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. తన ఇంటి ముందు గదిలో మాత్రం ఒక మగ్గం, దాని కింద గుంత అట్లాగే ఉంచాడు. ఆ గుంత మీద ఆయన భార్య హులిగమ్మకు ఎప్పటినుంచో కన్నుంది.

"ఏమయ్యా, ఆ గుంత పూడిస్తే ఫ్రిజ్జు ఈడ పెట్టుకుందుము. వంటింట్లో తిరగనీకి సోటు లేదు."

"మగ్గం యాడ పెట్టల్ల?"

"ఫ్రిజ్జులో పెట్టు."

ఇట్లా ఉన్న ఇంటికి ఒకరోజు ఢిల్లీ నుంచి కారు వచ్చింది.

కారు రావడానికి కారణం సముద్రంలో ఉంది. దక్షిణాన కొన్ని దీవులు కలిసి ఒక చిన్న దేశం. మనకు పొరుగు. ఆ దేశానికి ఇంకో పెద్ద దేశం ఒక వంతెన కట్టిచ్చింది. వంతెన మీద రాత్రిపూట రంగు దీపాలు వెలుగుతాయట. ఆ ఫొటో చూసినప్పటి నుంచి ఢిల్లీలో కొందరికి అన్నం సయించలేదు. పొరుగువాడికి మనం కూడా ఏదో ఒకటి ఇవ్వాలి, త్వరగా ఇవ్వాలి, ఫొటోలో బాగుండాలి. సమావేశాల మీద సమావేశాలు పెట్టగా, ఒక పెద్ద సారుకు చేతిమగ్గం తోచింది. "వాళ్ళు ఇనుమిచ్చారు, మనం హృదయమిద్దాం" అన్నాడట. ఆ మాట అందరికీ ఎంత నచ్చిందంటే, ఆ దేశంవాళ్ళకు ఏం కావాలో కనుక్కోవాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సారే కారు దిగాడు. వెంట దుబాసీగా ప్రాణేశ్ వచ్చాడు. ఆదోనిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే కుర్ర పంతులు, వాళ్ళది మంత్రాలయం దగ్గర. సారు మగ్గం చుట్టూ తిరిగి, వంగి గుంతలోకి చూసి, ఇదెందుకని అడిగాడు.

"కాళ్ళాడనీకి" అన్నాడు కాశప్ప. "ఇంగ, మన తావు గాలి పొడిగాలి. మట్టి సల్లదనం తగిల్తే దారం తెగదు."

ప్రాణేశ్ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు ఆకాశం వైపు చెయ్యెత్తాడు. సారు కళ్ళు చెమర్చాయి.

"నేను సెప్పింది రెండు ముక్కలు గదా సామీ! నువ్వు అంతసేపు ఏం సెప్పినావు?"

"భూమాత, చల్లని ఒడి, అట్లాంటివి. రెండు ముక్కల్లో చెప్తే ఢిల్లీలో విలువుండదు కాశప్పా. దీన్నే దౌత్యం అంటారు."

పన్నెండు మగ్గాలకు ఆర్డరు వచ్చింది. కాశప్ప టీవీ స్టాండ్లన్నీ మూలకు నెట్టేశాడు. రంపం పట్టిన తీరే మారిపోయింది. అన్నం తింటూ కూడా వేళ్ళతో కంచం అంచు కొలిచేవాడు. ఆ దీవుల్లో చెదలుంటాయా, ఉప్పుగాలికి మేకులు తుప్పు పడతాయా అని ప్రాణేశ్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేసి, మేకులు మానేసి అంతా చెక్క చీలలతోనే బిగించాడు.

"ఇంత బాగ సేస్తాండావు, ఆడ నేసేవాళ్ళు ఉండారా?" అంది హులిగమ్మ.

"లేకుంటే మగ్గాలు ఎందుకు అడుగుతారే?"

"వాళ్ళు అడిగినారా?"

కాశప్ప చిత్రిక పట్టడం ఆపలేదు. నా పని మగ్గం చేయడం, అడగడం సార్ల పని అనుకున్నాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఇవి చచ్చేలోపు తాను చేసే ఆఖరి మగ్గాలు కావచ్చు. వాటి మీద ఎవరో ఒకరు బట్ట నేయాలి.

మగ్గాలు ఓడెక్కాయి. అప్పుడు గుర్తొచ్చింది, గుంతలు ఓడెక్కలేదని.

ఢిల్లీలో కలకలం పుట్టింది. మనవాళ్ళు పోయి అక్కడ తవ్వుదామంటే, పరాయి దేశపు నేలలో మనం గుంత తవ్వడమేమిటని ఒకరు అడ్డుపడ్డారు. కాగితాల మీద "పొరుగుదేశానికి గుంతలు తవ్వే పథకం" అని ఉంటే వంతెన కట్టిన దేశం ఊరుకుంటుందా? ప్రాణేశ్ ఆ సంగతి చెప్పినప్పుడు కాశప్ప చాలాసేపు నవ్వాడు.

"నిజమే సామీ. మా పల్లెలో గూడ ఫలానోడు నాకు గుంత తవ్వినాడంటే పంచాయితీ పెడతారు."

చివరకు కాగితాల్లో గుంత అన్న మాటే కొట్టేసి "పాద విశ్రాంతి స్థలం" అని రాశారు. దాన్ని ఆ దేశంవాళ్ళే తమ చేతులతో తవ్వుకోవాలని, ఎట్లా తవ్వాలో ఎమ్మిగనూరు నుంచి కాశప్ప తెరమీద చెప్పాలని, దాన్నే ప్రారంభోత్సవంగా జరపాలని తీర్మానించారు.

ప్రారంభోత్సవం ఎమ్మిగనూరులో ఒక కల్యాణ మండపంలో జరిగింది. వేదిక మీద గోడంత తెర. కుర్చీలు నిండాలి కాబట్టి తుగ్గలి నుంచి, హాలహర్వి నుంచి బస్సుల్లో రైతుల్ని తెచ్చారు. కాశప్ప అక్క ఉచ్చీరమ్మ కూడా వచ్చింది. తమ్ముడు తెరమీద కనపడతాడని ఎవరో చెబితే పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఢిల్లీ సారు హృదయం గురించి చాలాసేపు మాట్లాడాడు. ప్రాణేశ్ దాన్ని తెలుగులో ఇంకా ఎక్కువసేపు మాట్లాడాడు. తర్వాత తెర వెలిగింది. తాటాకు కప్పు, దాని కింద కాశప్ప మగ్గం. పక్కన ఒక నడివయసు నేతగత్తె, పారలు పట్టుకున్న ఇద్దరు మనుషులు. మైకు కాశప్ప చేతికిచ్చారు.

"మోకాటి లోతు తవ్వండప్పా. అంచులు నిట్టనిలువు ఉండల్ల."

వాళ్ళు తవ్వారు. మెత్తటి ఇసుక. పార పెట్టగానే దిగింది. మోకాటి లోతు ఇంకా రాలేదు, అడుగున ఇసుక నల్లబడింది. ఇంకో రెండు పారలు ఎత్తారు. గుంతలో నీళ్ళు ఊరాయి. చూస్తుండగానే అంచు దాటి పొర్లి, తెరలో తళతళలాడాయి.

మండపంలో వెనక వరసలోంచి కేక లేచింది.

"నీళ్ళు పడినాయిరోయ్!"

కుర్చీలు వెనక్కి పడ్డాయి. తుగ్గలి రైతులు తువ్వాళ్ళు గాల్లోకి విసిరారు. హాలహర్వి వాళ్ళు ఈలలు వేశారు. "ఎన్నడుగులప్పా? మోకాటి లోతే! మోకాటి లోతుకే పడినాది!" అని ఒకరినొకరు పట్టుకుని ఊపేసుకున్నారు. ఉచ్చీరమ్మ "గంగమ్మ తల్లీ!" అంటూ వేదికెక్కి, తెరకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఢిల్లీ సారు బూట్ల పక్కన టెంకాయ కొట్టింది. సారు ఎగిరి పక్కకు దూకాడు. కాశప్ప మైకు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఇంత సులభంగా నీళ్ళిచ్చే నేల ఒకటి భూమ్మీద ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. తండ్రి ఉంటే చూపించేవాణ్ణి గదా అనుకున్నాడు.

తెర అవతల వాళ్ళు నోళ్ళు తెరుచుకుని ఇటు చూస్తున్నారు. ఉచ్చీరమ్మ పూసిన పసుపు కిందుగా, నేతగత్తె చీలమండల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. ఆమె నవ్వడం లేదు. ఒకసారి మగ్గాన్ని చూపించింది, ఒకసారి నీళ్ళను చూపించింది. అరచెయ్యి చాచి, పైకెత్తింది. మళ్ళీ పైకెత్తింది.

కాశప్ప జోడించిన చేతులు విడిపోయాయి. అప్పుడు కనపడింది ఆయనకు, తన మగ్గం కాళ్ళు నానిపోతున్నాయని. చెదల గురించి అడిగాడు, ఉప్పుగాలి గురించి అడిగాడు, నీళ్ళు ఎంత లోతులో ఉంటాయని అడగాలన్న ఆలోచన రాలేదు. ఎట్లా వస్తుంది? నీళ్ళు ఎప్పుడూ ఎక్కువ లోతులోనే ఉంటాయి, లేదా ఉండవు. హాలహర్వి మనిషికి మూడో సంగతి తెలీదు.

ఢిల్లీ సారు మాత్రం మండపాన్ని చూశాడు. ఇంత ఆనందం ఆయన ఏ పథకంలోనూ చూసి ఉండడు. మైకు అందుకుని, మన దేశం పొరుగుదేశానికి తాగునీరు కూడా కానుకగా ఇచ్చిందని ప్రకటించాడు.

"సామీ, ఆ నీళ్ళు వాళ్ళవే గదా?" అన్నాడు కాశప్ప.

"ఊరుకో కాశప్పా. అనువాదం చేస్తాండాను."

మర్నాడు అన్నిచోట్లా అదే ఫొటో. మగ్గాల సంగతి ఎవరూ ఎత్తలేదు. అవి అక్కడి విమానాశ్రయంలో అద్దాల వెనక పెట్టారని, వాటి మీద పూలకుండీలు పెట్టారని ప్రాణేశ్ చెప్పాడు.

ఆ మాట విన్నాక కాశప్ప అన్నం మీంచి లేచిపోయాడు. ముందు గదిలో తన మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. ఆ చెయ్యి కళ్ళలోంచి పోవడం లేదు. పైకెత్తింది ఎందుకు?

"ఆయమ్మనే అడుగు. ఇప్పుడన్నా" అంది హులిగమ్మ.

ప్రాణేశ్ ఎవరెవరినో పట్టుకుని నేతగత్తె ఫోన్ నంబరు సంపాదించాడు. కాశప్ప షరతు పెట్టాడు. "ఆకాశం జూపకుండ, ఉన్నది ఉన్నట్టు సెప్పల్ల సామీ." ప్రాణేశ్ అట్లాగే చెప్పాడు. ఆమె జవాబు కూడా రెండు ముక్కలే. మా ఇళ్ళే గుంజల మీద ఉంటాయి, నేలమీద ఎవరు కూర్చుంటారు? మగ్గాన్ని ఎత్తండి, నేసేవాళ్ళను కూడా ఎత్తండి.

కాశప్ప నుదురు కొట్టుకున్నాడు. మగ్గం కింద నాలుగు గుంజలు, నేసేవాళ్ళకు నడుమెత్తు బల్ల. గుంత నేలమీదికి లేచి వస్తుంది, అంతే. తడి ఆ గాలిలోనే కావలసినంత ఉంది. కొలతలు పంపాడు. ఢిల్లీ ఒప్పుకోలేదు. మంజూరైంది పాద విశ్రాంతి స్థలం ఉన్న మగ్గం, అది లేనిది మంజూరు కాలేదు.

కొన్నాళ్ళకు మన మంత్రి ఒకరు ఆ దేశం వెళ్ళాల్సి వచ్చింది. పూలకుండీల పక్కన నిలబడి ఫొటో దిగితే బాగుండదు. ఎవరైనా నేస్తూ ఉండాలి. ఒక్క పూటలో అనుమతి వచ్చింది. పేరొక్కటే మారింది. బల్ల మీదికి ఎక్కించారు కాబట్టి దాన్ని "ఉన్నత స్థాయి మగ్గం" అన్నారు.

అట్లా పన్నెండింటిలో ఆరు మగ్గాలు అద్దాల వెనకనుంచి బయటపడ్డాయి. ఒక పొద్దున నేతగత్తె వీడియో పంపింది. బల్ల మీద కూర్చుని, కాళ్ళు వేలాడేసి నేస్తోంది. వెనకాల పాద విశ్రాంతి స్థలంలో బాతులు ఈదుతున్నాయి. కాశప్ప బొమ్మను చూడలేదు. ఫోను చెవికి ఆనించుకుని, దెబ్బ వెంట దెబ్బ పడే చప్పుడు విన్నాడు. హులిగమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. ఫ్రిజ్జు ఊసు ఎత్తలేదు.

మొన్న ఢిల్లీ సారు మళ్ళీ ప్రాణేశ్ చేత ఫోన్ చేయించాడు. ఇంకో వైపు పొరుగున ఉన్న ఒక ఎడారి దేశానికి కూడా ఉన్నత స్థాయి మగ్గాలు పంపాలట. దీవుల్లో అంత విజయం వచ్చింది కదా!

"ఎడారి అయితే గుంతే మేలు గదా సామీ. ఆడ నీళ్ళు పడవు, దారానికి సల్లదనం కావల్ల."

"గుంత అనే మాట ఎత్తొద్దని సారు ఖండితంగా చెప్పినారు కాశప్పా. ఆర్డరు పట్టుకుంటావా, లేదా?"

"పట్టుకుంటా. ఆడ నేసేవాళ్ళు ఎవురో ఒకరి నంబరు ఇప్పియ్యి. ముందు మాట్లాడతా."

"నంబరు తెప్పించనీకి నెల పట్టొచ్చు."

"పట్టనీ."

ఫోను పెట్టేశాక హులిగమ్మ అడిగింది. "అడిగినావా?"

"అడిగినా."

రంపం గోడకే వేలాడుతోంది. కాశప్ప ఎవరిదో చెప్పుల అలమరకు మెరుగు పెట్టుకుంటున్నాడు.