లినియా దూకలేకపోయిన రోజు

2014 సెప్టెంబరు. అప్పటికి నేను కాకినాడ నుంచి దుబాయ్ వచ్చి చాలా ఏళ్లయింది. ఒక ప్రైవేటు రిహాబ్ సెంటర్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. పొద్దున్నే నేనుండే ఇంటర్నేషనల్ సిటీలో షేర్ కారెక్కి వెళ్లడం, రోజంతా ఏసీ హాల్లో మోకాళ్లూ భుజాలూ చూసుకోవడం. ఆఫీసు కుర్చీల్లో నడుము పట్టేసినవాళ్లూ, కంపెనీ బీమా మీద సైట్ల నుంచి వచ్చే కార్మికులూ మా పేషెంట్లు. మంచు మీద పోటీపడే మనిషి మా హాల్లోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె పేరు లినియా. స్వీడన్ దేశస్థురాలు, స్కీ క్రాస్ క్రీడాకారిణి. కిందటి చలికాలం ఒక పోటీలో పడి కుడి మోకాల్లో ఏసీఎల్ తెగింది. తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టి ఉంచే లిగమెంటు అది. స్వీడన్‌లో ఆపరేషన్ అయ్యాక, చివరి దశ వ్యాయామాలకని దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క దగ్గరికి వచ్చింది.

"స్కీ క్రాస్ అంటే ఏమిటి?" అని మొదటి రోజే అడిగాను.

"స్కీలు, అంటే పొడవాటి పలకలు, కాళ్లకి కట్టుకుని నలుగురం ఒకేసారి గేటులోంచి బయటపడతాం. దారంతా మలుపులు, మంచు దిబ్బలు. వాటి మీంచి ఎగిరి దూకాలి. ముందు చేరిన ఇద్దరు తర్వాతి రౌండుకి, మిగతా ఇద్దరు ఇంటికి."

"ఒకరినొకరు తోసుకుంటారా?"

"తొయ్యకూడదు. కానీ ఎవరికీ తగలకుండా కిందికి చేరడం కష్టం," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఈ చలికాలం దిగకపోతే జట్టులో నా చోటు ఇంకొకరిది. నాకు ఇది తప్ప ఇంకేమీ రాదు," అంది.

పట్టుదల గల మనిషి. నేను చెప్పిందానికంటే ఎక్కువ చేయకుండా ఆపడమే నాకు పెద్ద పని. తొడ కండరాల్లో బలం తిరిగొచ్చింది. ఒంటికాలి మీద గెంతించి, ఎంత దూరం వెళ్లారో కొలిచే హాప్ టెస్టులో రెండు కాళ్లూ దాదాపు సమానం. నవంబరు నాటికి పెట్టె మీంచి దూకి, ఒంటికాలి మీద దిగి, కదలకుండా నిలబడేది. ఇక పంపించేయవచ్చని మా డాక్టరూ నేనూ అనుకున్నాం.

ఆ వారంలోనే ఒకరోజు లినియా పెట్టె మీద నిలబడి ఉంది. నా ఇంకో పేషెంటు రాజన్న వచ్చి పక్కనున్న పొట్టి మెట్టు ఎక్కాడు. జగిత్యాల వైపు మనిషి. రాస్ అల్ ఖైమాలో ఒక సైట్లో పరంజా మీంచి పడి చీలమండ విరిగింది. అది అతుక్కుని, అతనూ చివరి దశకి వచ్చాడు.

లినియా దూకలేదు. భుజాలు బిగుసుకుపోయాయి. మెల్లగా వెనక్కి తిరిగి పెట్టె దిగిపోయింది.

"నొప్పా?" అన్నాను.

"లేదు."

రాజన్న నీళ్లు తాగడానికి వెళ్లాక మళ్లీ ఎక్కి, ఎప్పటిలాగే చక్కగా దూకింది. అతను తిరిగొచ్చి పక్కన నిలబడగానే మళ్లీ ఆగిపోయింది. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి, ఆ రోజు ఎలా పడిందో మొదటి నుంచీ చెప్పమన్నాను.

"దిబ్బ మీంచి ఎగిరి గాల్లో ఉన్నాను. పక్కమ్మాయి నా స్కీ మీద దిగింది. ఆమె తప్పేం లేదు, అక్కడ చోటే లేదు," అంది. "నొప్పి నాకు గుర్తు లేదు. చెవి పక్కన ఆమె ఊపిరి చప్పుడు, అదే గుర్తుంది."

ఇన్ని నెలలుగా అందరం ఆమె మోకాలిని పరీక్షించాం. ఒంటరిగా, చుట్టూ ఖాళీ ఉంచి పరీక్షించాం. ఆమె భయపడేది దూకడానికి కాదు, పక్కన మనిషి ఉండడానికి.

డాక్టరుతో మాట్లాడి వ్యాయామం మార్చాను. మొదట నేనే చున్నీ నడుముకి బిగించి ఆమె పక్కన నిలబడ్డాను. తర్వాత రాజన్నను పిలిచాను.

"నేనా? ఆమె ఆటలాడేటామె, నేను పరంజాలు కట్టేటోన్ని. నాతోని ఏమైతది మేడం?"

"ఏం లేదు రాజన్న గారూ, మీ మెట్టు మీంచి మీరు దూకడమే. ఆమె పక్కన ఉండాలి, అంతే."

"గంతేనా? అయితే యల్లా!"

అరబ్బీలో 'పదండి' అనే ఆ 'యల్లా' లినియాకి నచ్చేసింది. దాన్నే గేటు తెరిచే సంకేతం చేసింది. ముగ్గురం వరసగా నిలబడి, రాజన్న అరవగానే దూకేవాళ్లం. మొదటి రోజుల్లో ఆమె ముఖం పాలిపోయేది. రానురాను భుజాలు తగిలినా నిలదొక్కుకునేది. ఒకసారి రాజన్న తూలితే ఆమే పట్టుకుని ఆపింది.

తిరిగి వెళ్లే ముందు నన్ను మాల్ లోపల కృత్రిమ మంచు పరిచిన స్లోపుకి తీసుకెళ్లింది. అద్దె కోటులో వణుకుతూ అంచున నిలబడ్డాను. పిల్లలూ పెద్దలూ అడ్డదిడ్డంగా జారుతున్నారు. ఒకాయన అదుపు తప్పి ఆమెను రాసుకుంటూ పోయాడు. లినియా ఆగలేదు. ఒంటిని కొద్దిగా వంచి, అలాగే కిందికి వచ్చేసింది.

ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. సెమీఫైనల్లో మూడో స్థానమట, ఫైనల్‌కి చేరలేదు. "ఓ దిబ్బ మీద ఇద్దరి మధ్య ఇరుక్కున్నాను. అయినా వేగం తగ్గించలేదు!" అంటూ అరిచింది. ఓడిపోయి అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

ఆ తర్వాత ఇంకో రెండు సీజన్లు ఆడింది. పెద్ద పతకాలేమీ రాలేదు. 2017లో అక్కను చూడడానికి వచ్చి మా సెంటర్‌కీ వచ్చింది. పోటీలు మానేశానంది.

"మోకాలా?" అని అడిగాను కంగారుగా.

"మోకాలు బావుంది. ఇక చాలనిపించింది. పడినప్పుడు మానేసి ఉంటే జీవితాంతం ఆ దిబ్బ దగ్గరే ఉండిపోయేదాన్ని." ఇప్పుడు వాళ్ల ఊళ్లో పిల్లలకి స్కీయింగ్ నేర్పుతోందట.

ఆ కేసు తర్వాత పేషెంటును అడిగే ప్రశ్నల్లో నేను ఒకటి కలుపుకున్నాను: పడ్డప్పుడు పక్కన ఎవరున్నారు? దాన్ని మొదట అడిగింది రాజన్ననే, లినియా వెళ్లిపోయిన కొత్తలో.

అతను మెట్టు మీదే కూర్చున్నాడు. "మా దోస్తు సాయిలు ఉండె మేడం. చెయ్యి చాపిండు గాని పట్టుకోలేకపోయిండు. అప్పటిసంది ఫోన్ జేస్తలేడు. నాకు కోపమున్నదనుకుంటుండు."

"ఉందా?"

"ఎందుకుంటది? పట్టుకుంటే వాడు గూడ పడుతుండె."

"ఆ మాట అతనికి చెప్పారా?"

చెప్పలేదని తలూపాడు. జేబులోంచి ఫోన్ తీసి కాసేపు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నంబరు నొక్కాడు. నేను పెట్టెలు పక్కకి జరిపి, అతను మాట్లాడడం అయ్యేదాకా ఆగాను.