ఇంటికొక్కడు

2011, వానాకాలం చివర. తెలంగాణ అంతటా సకల జనుల సమ్మె నడుస్తోంది. నేనప్పుడు ప్రాసిక్యూషన్ విభాగంలో పనిచేస్తున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కోర్టుల్లోని ఏపీపీల పనిని చూసుకోవడం నా బాధ్యత. ఏపీపీ అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. పోలీసులు పెట్టిన కేసును మేజిస్ట్రేటు ముందు ప్రభుత్వం తరఫున నడిపే లాయరు. వాళ్లు ఏ కేసు ఎలా నడిపారు, ఎక్కడ పై కోర్టుకు పోవాలి, ఎక్కడ వదిలెయ్యాలి అన్నది చూసి అభిప్రాయం రాయడం నా పని. ఫైలు మీద దాన్ని ఒపీనియన్ అంటారు.

మా కేసుల్లో అన్నిటికన్నా చిన్నవి గేమింగ్ యాక్టు కేసులు. నలుగురికి కనిపించే చోట పందెం కట్టి ఆడితే ఆ చట్టం కింద నేరం. సిరిసిల్లలో కరెంటు పోయి మగ్గాలు ఆగిన రోజున పేకాట ఆడిన కార్మికులు, జగిత్యాలలో సంత వెనక కోళ్లను కొట్లాడించినవాళ్లు ఇలాంటి కేసుల్లో వచ్చేవారు. ఎవరూ వాదించేవారు కాదు. గుంపుగా వచ్చి, వరసగా నిలబడి, ఒప్పుకుని, జుర్మానా కట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయేవారు. దీన్ని ప్లీడింగ్ గిల్టీ అంటారు. మేజిస్ట్రేటుకు పని తగ్గుతుంది, పోలీసుకు కేసు గెలిచినట్టు లెక్క, మాకు ఒక ఫైలు మూతపడుతుంది. అందరికీ సౌకర్యంగా ఉండే ఏర్పాటు కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

మరుసటి ఏడు ఒక రోజు నేను కోరుట్ల కోర్టు ఫైళ్లు చూడటానికి వెళ్లాను. అక్కడి ఏపీపీ స్వరూప చిన్న వయసు అమ్మాయి, ఏ ఫైలూ చదవకుండా సంతకం పెట్టేది కాదు. ఆమె ఇద్దరు మనుషుల్ని గదిలోకి తీసుకొచ్చింది. ఒకరు ముసలాయన, తలకు తువ్వాల. రెండోవాడు ఆయన కొడుకు.

"సార్, వీళ్ల ముచ్చట ఒక్కసారి వినుండ్రి. సమ్మె ఆగినంక నేను నిలబడిన కేసే ఇది. నాకేం తోస్తలేదు," అంది.

ముసలాయన పేరు రాజం. మల్లాపూర్ అవతల గుట్టల కింద ఏడిళ్ల నాయకపోడు గూడెం ఉంది. గిరిజనులు. ఆ గూడేనికి ఆయన కులపెద్ద. కొడుకు తిరుపతి డిగ్రీ చదివాడు. ఆ గూడెంలో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు గెలిచి, పరీక్ష గెలిచి, ఎంపికైనవాళ్ల జాబితాలో పేరు వచ్చాక వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయాడు. కోర్టులో శిక్ష పడిన కేసు ఏదైనా ఉందా అన్న చోట, ఉందని తనే నిజం చెప్పాడు.

"కేసేంది పెద్దయ్యా?" అని అడిగాను.

"గవ్వలాట సారూ. సమ్మెల దీక్ష టెంటేసినం గద, రోడ్డు మీద. కూసోని కూసోని పొద్దు పోక ఆడిండ్రు."

"పందెం ఏం కట్టిండ్రు?"

"ఓడినోడు తెల్లారి రోడ్డు మీద చేసే వంటా-వార్పుకు కట్టెలు మోసుకరావాలె. గంతే."

"పైసలు దొరికినయని రాసి ఉంది?"

"గది చందా డబ్బా సారూ. టెంటు కిరాయికని పెట్టుకున్నం. గవ్వల పక్కన ఉండె, రెండిటిని పట్కపోయిండ్రు."

నేను తిరుపతి వైపు తిరిగాను. "నువ్వు గెలిచినవా, ఓడినవా?"

"నేను కూసోనే లేదు సార్. ఆ దినం బోయినపల్లిల మా అక్కోళ్ల ఇంటికాడ ఉంటి."

"మరి నీ పేరెట్ల ఎక్కింది?"

అతను తండ్రి వైపు చూశాడు. "నేనే ఇచ్చిన సారూ," అన్నాడు రాజం.

పోలీసులు వచ్చినప్పుడు ఆడుతున్నవాళ్లు లేచి పరిగెత్తారు. జమానుకు, అంటే హెడ్ కానిస్టేబులుకు, గవ్వలూ డబ్బా మాత్రమే దొరికాయి. ఎవరెవరు ఆడారో చెప్పమని అతను గూడేనికి వచ్చి రాజాన్ని అడిగాడు. ఆడింది నలుగురే అయినా, గూడెమంతా ఆడిందన్నాడు రాజం. జమానుకు నవ్వొచ్చింది. "గూడెమంత ఎక్కించుకపోనీకి నేనేమన్న లారీ తెచ్చిన్నా? పేర్లు చెప్పవయా," అన్నాడు. అప్పుడు రాజం ఇంటికొక పేరు చొప్పున ఏడు పేర్లు చెప్పాడు.

వాళ్ల దగ్గర పద్ధతి అది. బయటి నుంచి గూడెం మీదికి మాట వస్తే, చేసినవాడెవడో వెతకరు. ఇంటికొకడు వెళ్లి నిలబడతాడు. పెద్ద తానే వెళ్లి తల వంచకూడదు కాబట్టి ఆయన ఇంటి నుంచి కొడుకు వెళ్లాలి.

"నీ కొడుకు పోలీసు కొలువుకు తయారైతున్నడని తెలుసు గదా. అతన్ని ఇడిసిపెడితే ఏమయ్యేది?" అన్నాను.

"నా ఇల్లు ఇడిసిపెట్టి ఆరిళ్ల పేర్లు ఎట్ల చెప్పాలె సారూ? చెప్పినంక వాళ్ల మొకం ఎట్ల చూడాలె?"

కేసు పిలిచిన రోజున కోర్టులో లాయర్లు లేరు. సమ్మె ముగిసినా వాళ్ల బహిష్కరణ ఇంకా సాగుతోంది, గేటు బయట టెంటులో కూర్చున్నారు. కోర్టు డ్యూటీ జమాను మెట్ల మీద వీళ్లకు చెప్పాడు: "ఒప్పుకున్నమనుండ్రి, జుర్మానా కట్టుండ్రి, పొయ్యి బువ్వ తినుండ్రి." ఏడుగురూ అలాగే చేశారు. సాయంత్రం గూడెంలో అందరూ కూర్చున్నారు. తప్పు ఒప్పుకుని దండుగ కట్టినవాడి ముందు పెద్ద కొంచెం కల్లు నేల మీద పోస్తాడు. మిగిలింది అందరూ తాగుతారు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాడే కొత్తగా తప్పు కట్టాలి. కోర్టులో జరిగింది కూడా అదేనని వాళ్లు అనుకున్నారు.

"మా కాడ కల్లు పోసినంక ముచ్చట సచ్చిపోతది సారూ. మీ కాడ సావదా?" అని రాజం అడిగాడు. వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగాడు.

మా దగ్గర చావదు. నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష ఎక్కువైందని అడగడానికి తప్ప అప్పీలు చేసే హక్కు ఉండదు. జుర్మానా ఎంత చిన్నదైనా అది కన్విక్షన్, అంటే నేరం రుజువై పడిన శిక్ష. ఆ మాట మనిషి వెంట జీవితాంతం ఉంటుంది. ఇదంతా ఆయనకు వీలైనంత మామూలు మాటల్లో చెప్పాను. ఆయన విని, "అయితే మేము ఒప్పుకునుడే తప్పైంది," అన్నాడు.

గవ్వలాడటం నైతికంగా హీనమైన నేరం కాదనీ, ఉద్యోగానికి అడ్డు కాకూడదనీ నేను ఒపీనియన్ రాసి పంపాను. అది ఫైలులో చేరింది. అంతకుమించి దానివల్ల ఏమీ జరగలేదు. మిగిలింది రివిజన్. అంటే, కింది కోర్టు తీర్పులో అన్యాయం జరిగిందని పై కోర్టును మళ్లీ చూడమని అడగడం. దానికి తిరుపతి తరఫున ఒక లాయరు కావాలి. జగిత్యాలలో నాకు తెలిసిన లాయరు దగ్గరికి వెళితే, లాయర్లు మళ్లీ కోర్టు బహిష్కరించారు, ఆయన ఆ రోజూ టెంటులోనే ఉన్నాడు.

"ఏంది సార్, తెలంగాణ కోసమని కోర్టు బందు పెట్టినం. మీరేమో తెలంగాణ టెంటు కేసు పట్టుకొని కోర్టుల ఎయ్యిమంటున్నరు," అని నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. తర్వాత కాగితాలు చదివాడు. నవ్వు పోయింది. "బహిష్కరణ ఆగిన దినమే ఏస్త. ఫీజు ముచ్చట తియ్యకుండ్రి," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు.

మేము ఆధారపడింది ఒకే ఒక్క దాని మీద. రాజం అఫిడవిట్ ఇచ్చాడు. ఆ రోజు నా కొడుకు అక్కడ లేడు, మా ఆచారం ప్రకారం నేనే పేరు చెప్పాను అని. ఆయనే ముందుకొచ్చి ఇచ్చాడు. తిరుపతి వద్దన్నాడు. "బాపు, నువ్వట్ల చెప్తే రేపు గూడెంల పెద్దగ కూసోగల్గుతవా?" అన్నాడు. "నీ కొలువు కన్న నా కూసునుడు ఎక్కువనా?" అని రాజం కసిరాడు. ప్రభుత్వం వైపు నుంచి అభ్యంతరం చెప్పొద్దని ఆ కోర్టులోని ప్రభుత్వ లాయరుకు నేను చెప్పి ఉంచాను. అలా చెప్పే అధికారం నాకు ఉంది. నా ఉద్యోగంలో ఆ అధికారాన్ని సంతోషంగా వాడిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

విచారణ రోజున జగిత్యాల కోర్టులో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. స్వరూప కూడా సెలవు పెట్టి వచ్చింది. గూడెం నుంచి మిగతా ఆరుగురూ కూలి మానుకుని వచ్చి, గోడ పక్కన నిలబడ్డారు. జడ్జి కాగితాలు ముందే చదివినట్టున్నాడు. తమకు అభ్యంతరం లేదని ప్రభుత్వ లాయరు చెప్పాడు. జడ్జి తల ఊపి, అఫిడవిట్ మీద వేలిముద్ర చూసి రాజాన్ని పిలిచాడు. చదువు రాని మనిషి వేలిముద్ర వేసినప్పుడు, తెలిసి వేశాడా అని కోర్టు అడగడం మామూలే.

"ఇందులో రాసింది మీకు చదివి వినిపించారా?"

"ఇనిపిచ్చిండ్రు సారు."

"నిజమేనా? ఆ రోజు మీ అబ్బాయి అక్కడ లేడా?"

రాజం జడ్జి వైపు చూశాడు. తర్వాత తల తిప్పి, గోడ పక్కనున్న ఆరుగురి వైపు చూశాడు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు టెంటు దగ్గరికే వెళ్లలేదని మాకు తర్వాత తెలిసింది. జడ్జి తొందరపెట్టలేదు. ప్రశ్న మళ్లీ అడిగాడు.

"ఇంటికొక్కడు ఉండె సారు," అన్నాడు రాజం.

"మీ ఇంటి నుంచి?"

"మా ఇంటి నుంచి మావోడు."

తిరుపతి లాయరు లేచి ఏదో చెప్పబోయాడు. జడ్జి చేత్తో ఆపి, మూడోసారి కూడా అడిగాడు. ఆయన చెయ్యగలిగింది చేశాడు. రాజం అదే మాట చెప్పాడు. పిటిషన్ కొట్టేశారు.

బయట మెట్ల దగ్గర ఆ ఆరుగురిలో పెద్దవాడు రాజాన్ని పట్టుకున్నాడు. "ఏంది పెద్దయ్యా గిట్ల జేస్తివి? లేడని చెప్తే కేసు ఒడ్శిపోతుండె గద! మేమేమన్న అంటిమా? చెప్పుమననీకే గదా అచ్చినం!"

"మీరేమనరు, నాకెర్కే," అన్నాడు రాజం. "అనరనే నోరు రాలే."

తిరుపతి ఎదుటి హోటల్‌కు వెళ్లి చాయ్ తెచ్చాడు. ముందు తండ్రికిచ్చి, తర్వాత మాకిచ్చాడు. స్వరూప గ్లాసు పట్టుకుని నా కారు వెనక్కి వెళ్లిపోయింది. తిరిగి వచ్చాక, "మనం ఓడిపోవాల్సిన కేసుల ఎప్పుడన్న ఓడిపోతం సార్. గిది గెల్వనీకి అందరం ఒక్కటైనా ఓడిపోయినం," అంది.

ఆ పోస్టు వరసలో తర్వాతివాడికి వెళ్లింది. రాష్ట్రం వచ్చింది. ఉద్యమంలో పెట్టిన కేసుల్ని ఎత్తెయ్యమని ఉత్తర్వులు వచ్చాయి. నా మూడు కోర్టుల్లో ఆ పని చేయించింది నేనే. రైళ్లు ఆపినవాళ్లవి, రోడ్ల మీద వండినవాళ్లవి, బస్సులకు అడ్డం పడుకున్నవాళ్లవి. ప్రతి ఫైలు మూసినప్పుడు ఏపీపీలు సంబరపడ్డారు. స్వరూప మాత్రం ఒకటి అడిగింది.

"గవ్వల కేసు సార్?"

"అది గేమింగ్ యాక్టు కింద ఉంది. ఉద్యమ కేసు కాదు. పైగా ఎత్తెయ్యడానికి కేసు లేదు, ఎప్పుడో ముగిసింది."

"టెంటుల కూసోనే ఆడిండ్రు గదా సార్."

"అవును," అన్నాను. ఇద్దరికీ తెలిసిన విషయమే.

ఆ తర్వాత నా కింద పనిచేసిన ఏపీపీలందరికీ ఒక మాట చెప్పాను. ఎవరైనా నేరం ఒప్పుకుంటుంటే, ఒప్పుకునే ముందు ఆ రోజు నువ్వక్కడ ఉన్నావా అని అడగమని మేజిస్ట్రేటును కోరండి. వాళ్లు కోరారు, మేజిస్ట్రేట్లు అడిగారు. రిటైరయ్యే దాకా నేను చాలా జవాబులు విన్నాను. అందరూ ఉన్నామనే చెప్పారు. ఎవరి కోసం ఉన్నారో, ఎవరికి భయపడి ఉన్నారో అడగడానికి చట్టంలో ప్రశ్న లేదు. ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. అది నేర్చుకోవడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందని చెప్పలేను.

పోయిన ఏడు రాజం చనిపోయాడని జగిత్యాల లాయరు ఫోను చేశాడు. దినాలకు వెళ్లాను. తిరుపతి ఇప్పుడు కోత మిషను నడుపుతున్నాడు. జుట్టు నెరుస్తోంది. నన్ను గుర్తుపట్టి, అరుగు మీద చాప వేశాడు. కోర్టు నుంచి వచ్చిన ఆ రాత్రే రాజం పెద్దరికం వదిలేశాడనీ, ఎందరు బతిమాలినా మళ్లీ కూర్చోలేదనీ చెప్పాడు. ఇప్పుడు గూడెంలో మేక పోయినా పోలీసు స్టేషనుకే పోతున్నారట.

"ఆ కేసు సంగతి నువ్వూ బాపూ ఎన్నడన్న మాట్లాడుకున్నరా?" అని అడిగాను.

"లేదు సార్. కల్లు పోసిన ముచ్చట గద."

"నీకు కోపం రాలేదా ఆయన మీద?"

అతను కొంచెం నవ్వాడు. "మీరు మళ్ల తీస్తున్నరు సార్. మా కాడ తీసినోడు తప్పు కట్టాలె."

"కడత," అన్నాను.

"ఎవలకు కడతరు సార్," అన్నాడు తిరుపతి. "బాపు లేసినంక ఆ జాగల ఎవ్వలు కూసోలే."