తీపి దొంగకు కాపలా

ఫిల్మ్‌నగర్‌లో ఇప్పటికీ ఎక్కడో ఒకచోట బండ పగులుతూనే ఉంటుంది. ఆ రాతిపొడి వాసన తగలగానే మా పాత కిరాయి ఇల్లు, అమ్మ కుట్టుమిషను చప్పుడు, చెల్లెలు శైలు దగ్గు ఒక్కసారిగా గుర్తుకొస్తాయి.

ఐటీ ఆఫీసుల కోసం కొండలు పిండవుతున్న రోజులవి. అమ్మ సినిమాల్లో గుంపు డాన్సుల వాళ్లకు బట్టలు కుట్టేది కాబట్టి ఇల్లంతా జరీ ముక్కలు, చమ్కీలు, గంజి వాసన. సినిమా ముహూర్తం నాడు కంపెనీ వాళ్లు పంపే మిఠాయి పెట్టె కోసం నేనూ శైలూ మలుపు దాకా పరుగెత్తేవాళ్లం. శైలుకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేది, తిన్నది ఒంటపట్టేది కాదు, ముద్దు పెట్టుకుంటే బుగ్గ ఉప్పగా ఉండేది. అందుకని ఇంట్లో నెయ్యి, మీగడ ముందు దాని కంచంలోకే వెళ్లేవి. నాకు లోపల కుళ్లు.

పదకొండేళ్లప్పుడు దానికి షుగర్ కూడా ఉందని తేలింది. దాన్ని మొదట్నుంచీ చూసే పెద్ద డాక్టరు అప్పుడు ఊళ్లో లేడు. నాయనమ్మకు ఇరవై ఏళ్ల షుగర్, ఆ విద్యలో ఇంటికి ఆమే పండితురాలు. “జొన్నరొట్టె తిని నేను బతుకుతలేనా?” అని నెయ్యి, అన్నం, అరటిపండు అన్నీ ఆపించింది.

అయినా షుగర్ దిగదు. పిల్ల మాత్రం చిక్కిపోతోంది. శుక్రవారం శుక్రవారం అమ్మ టేపుతో కొలిస్తే జబ్బ సన్నబడుతోంది. “ఎవరో చాటుగ తీపి పెడుతున్నరు,” అంది నాయనమ్మ. అమ్మ నాయనమ్మను అనుమానించింది, నాయనమ్మ పక్కింటామెను, అందరూ కలిసి నన్ను. నా మీది మచ్చ చెరుపుకోవడానికి నేనే పోలీసునయ్యాను. శైలు బడి నుంచి రాగానే అరచేతులు వాసన చూసేదాన్ని, నోరు తెరిపించేదాన్ని, సంచి దులిపేదాన్ని. ఒకరోజు అందులోంచి చాక్లెట్ కాగితం పడింది.

“తొవ్వల దొరికిందక్కా. వాసన చూద్దామని తెచ్చుకున్న. ఒట్టు, నేనేం తినలే. ఆకలైతుందే.”

“దొంగమొహమా! మరి షుగరెందుకు దిగుతలేదు?”

ఆ ప్రశ్నకు జవాబు పాపం ఆ పిల్లకేం తెలుసు? నేను నమ్మలేదు. ఆ కాగితం తీసుకెళ్లి నాయనమ్మ చేతిలో పెట్టాను.

వారం తిరక్కుండానే శైలు బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటికి పెద్ద డాక్టరు వచ్చాడు. బంజారాహిల్స్ ఆస్పత్రిలో ఆయన అమ్మను కూర్చోబెట్టి, ఇది ముసలివాళ్లకొచ్చే షుగర్ కాదని, జిగురు పట్టి క్లోమం పాడై ఇన్సులిన్ తగ్గడం వల్ల వచ్చిందని చెప్పాడు. మానని ఇన్‌ఫెక్షన్లూ, షుగరూ కలిసి పిల్ల ఒంటిని లోపల తుప్పులా తినేస్తున్నాయట. ఆ తుప్పుకు అడ్డుపడే విటమిన్లు కొవ్వుతో పాటే ఒంటపడతాయట. “ఈ పిల్ల కడుపు మాడ్చకూడదమ్మా. ఇన్సులిన్ ఇవ్వండి, నెయ్యి పోసి పెట్టండి,” అన్నాడు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇన్సులిన్ మొదలయ్యాక శైలు కాస్త కండ పట్టింది. ఇంకో ఆరేళ్లు మాతో ఉంది.

ఇప్పుడు ఆ ఇంటి చోట అద్దాల మేడ ఉంది. ముహూర్తానికి ఇళ్లకు మిఠాయి పంపే కంపెనీలు లేవు, నాయనమ్మ లేదు, శైలు లేదు. ఆ ఆరేళ్లూ దానికి కొసరి కొసరి వడ్డించాను, సూది వేశాను, దగ్గొస్తే వీపు తట్టాను. నిన్ను నమ్మలేదు, తప్పు నాదేనన్న ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు. ఎందుకు నమ్మలేదని అదీ ఏనాడూ అడగలేదు. అడుగుతుందేమోనని నేనే ఆరేళ్లూ భయపడ్డాను.